డాక్టరమ్మ మూసిన గేటు

మా డాక్టరమ్మ చనిపోయిందన్న కబురు నేను బస్సులో ఉండగానే అందింది. ఆమెకు రక్తం కావాలని ఆమె ఆసుపత్రిలో పనిచేసే ఆయమ్మ ఫోన్ చేస్తే ఊరి నుంచి బయలుదేరాను. కల్వకుర్తి దాటేసరికి మళ్లీ ఫోన్. "ఇగ ఉరుక్కుంట రాకు బిడ్డా, అయిపోయింది," అంది.

చిక్కడపల్లిలో ఆమెది చిన్న కాన్పుల ఆసుపత్రి. అశోక్‌నగర్‌లో కట్టడం పనులకు వచ్చిన మాలాంటి పాలమూరు వాళ్ల పిల్లలు చాలామంది అక్కడే పుట్టారు. ఆమె నోరు మంచిది కాదు. ఎండకు కళ్లు తిరిగాయి, బాటిల్ ఎక్కించమని పోతే, "ఇంట్ల నిమ్మకాయ లేదా? ఉప్పేసుకొని తాగుపో," అని పంపేసేది. బాటిల్ పెట్టనిది ఏం డాక్టరని మావాళ్లు గొణిగేవారు.

నా భార్యకు కాన్పయ్యాక రక్తం ఆగలేదు. ఒళ్లు చల్లబడింది. డాక్టరమ్మ రెండు చేతులకూ బాటిళ్లు పెట్టించి, రక్తం తెమ్మంది. నారాయణగూడ రక్తనిధిలో తీసుకున్నదానికి బదులు మనవాళ్లు ఇవ్వాలి. రక్తమిస్తే బరువులు మోయలేమని మావాళ్ల భయం. నా బామ్మర్ది వరండాలో అడ్డం తిరిగాడు.

"అమ్మా, గీ ఉప్పునీళ్లు తీసేసి, రక్తానికి బదులు పెడతరట, ఆ చిక్కటి మందు బాటిల్ పెట్టున్రి. ఖరీదైనా పర్వాలేదు. ఇగ రక్తమెందుకు?"

"ఉప్పునీళ్లు జరసేపు బీపీని నిలబెడతయి. రెండో చేతికి పెట్టిన వేరే రకం నీళ్లు దానికన్న కొంచెం నయం. నువ్వనే ఖరీదుదానితోటి కిడ్నీలకు ముప్పు. ఏది పెట్టినా రక్తం కాదు. పులుసుల నీళ్లు పోస్తే గిన్నె నిండుతది, పులుసు పల్సగైతది. మీ అక్కకు లోపల గదే అయితుంది."

అతను చెప్పుల వైపు చూశాడు. ఆమె పోయి ఇనుప గేటు మూసి తాళం వేసింది.

"దసరాకు యాటను కోసేటప్పుడు అందరికన్న ముందుంటవు. సూది అనంగనే చెప్పులు యాదికొచ్చినయా? ఆయమ్మా, నీ ఎంబడి రక్తమియ్యనీకి వచ్చేటోళ్లకే తాళం తియ్యి."

బామ్మర్ది తిట్టుకుంటూనే పోయి ఇచ్చాడు. నా భార్య బతికింది. అతను ఆ వారమే మళ్లీ ఇటుకలు మోశాడు. అయినా బస్తీలో ఆమెకు మిగిలిన పేరు తాళమేసే డాక్టరమ్మ.

ఈసారి ఆమెకే కడుపులో పుండు పగిలింది. పెద్దాసుపత్రిలో ఉన్న రక్తం ఎక్కించారట. ఇంకా కావాలి, మనుషులను పిలవండి అన్నారట. ఆమెకు ఆయమ్మ తప్ప దగ్గరివాళ్లు లేరు. ఆయమ్మ మా బస్తీ అంతటికీ ఫోన్లు చేసింది.

"రానని ఒక్కలూ అనలేదు బిడ్డా. అందరూ వస్తున్నమనే అన్నరు. వాళ్లు వస్తనే ఉన్నరు, ఈడ బాటిళ్లు మారుతనే ఉన్నయి."

నా బామ్మర్ది కూడా వస్తున్నానన్నాడట. అతనుండేది రాంనగర్‌లో, ఆ పెద్దాసుపత్రికి దగ్గర్లోనే.

రక్తం అందితే ఆమె బతికేదని నేను చెప్పలేను. నాకంత చదువు లేదు. పిలిచిన పొద్దు ఎవరూ చేరలేదన్నది మాత్రం తెలుసు.

పదో రోజు భోజనాలు ఆసుపత్రి వరండాలోనే పెట్టారు. అందరూ వచ్చారు. బామ్మర్ది నా పక్కనే కూర్చున్నాడు. "పులుసు జర పల్సగైంది కదా, బావా," అన్నాడు.

నేను లేచి చేయి కడుక్కోవడానికి బయటికి వచ్చాను. మెట్ల మీది నుంచి రోడ్డు దాకా చెప్పులే. గేటు బార్లా తెరిచి ఉంది. తాళం గొళ్లానికి వేలాడుతోంది.