కింద కూర్చునే పని

చెప్పులో రాయి పడింది. సిద్దమ్మ గడప బయట ఆగి, ఎడమకాలి చెప్పు విడిచి, చేత్తో ఎత్తి విదిలించింది. ఆ కాసేపూ ఆమె బరువంతా కుడికాలి మీదే నిలిచింది. కుప్పంలో ఆపరేషన్ చేసి మోకాలు మార్చిన కాలు అది. లోపలినుంచి చూస్తున్న కూతురు సరళ అరిచింది.

"గోడ పట్టుకోమ్మా!"

"నాకేమన్నా కాలు లేదా, గోడ పట్టుకునేదానికి?" అంటూ సిద్దమ్మ చెప్పు తొడుక్కుని వీధిలోకి నడిచింది.

మదనపల్లె బస్సెక్కింది. టమాటా మండీలో పని చేసింది. మధ్యాహ్నం పుంగనూరుకు తిరిగొచ్చి, అన్నం తిని పడుకుంది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. పరామర్శకు వచ్చినవాళ్లు మాత్రం మోకాలి సంగతే అడిగారు. "ఆపరేషన్ పడలేదేమో పాపా?" అని ఒకరు, "ఆ వయసులో కాలు కోయించుకోవల్సిన పనేముండాది?" అని ఇంకొకరు. సరళ అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "ఆ కాలు బాగుండాది. ఆ కాలికేం కాలేదు." ఏడుపు గొంతుతో కాదు, కోపంగానే చెప్పింది.

సిద్దమ్మది టమాటాలు ఏరే పని. మండీలో కాయను నేలమీద రాశిగా పోస్తే, ఆడవాళ్లు చుట్టూ చేరి పండును, దోరను, పగిలినదాన్ని వేరుచేసి బాక్సులకెత్తుతారు. ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి, ఎండ ముదిరేదాకా అలాగే కూర్చోవాలి. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టిన పని. భర్త పోయాక దానితోనే సరళను డిగ్రీ దాకా చదివించింది. సరళకు పాల డైరీ ఆఫీసులో ఉద్యోగం వచ్చేనాటికి ఆమె కుడి మోకాలు అరిగి, పక్కింటికి పోవాలన్నా కర్ర ఊతం కావలసివచ్చింది.

కుప్పంలో డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూపించాడు. సిద్దమ్మ దానివైపు కూడా చూడలేదు.

"మళ్లా మండీకి పోతానా సామీ?"

"నడుస్తావమ్మా. బస్సెక్కుతావు, మెట్లెక్కుతావు. కింద కూర్చునే పని మాత్రం వద్దు."

"నా పనే కింద కూర్చునేది."

డాక్టరు సరళ వైపు చూశాడు. సరళ సరేనన్నట్టు తల ఊపింది. అమ్మ కూలి బతుక్కి ఇక్కడితో సెలవు అనుకుంది ఆమె. సిద్దమ్మ మాత్రం మండీకి మళ్లీ పోవడానికే ఆపరేషన్ బల్ల ఎక్కింది. ఎవరి లెక్క వాళ్లు మనసులో పెట్టుకున్నారు, పైకి చెప్పుకోలేదు.

కుట్లు విప్పి ఇంటికొచ్చాక సరళ అమ్మను పువ్వులా చూసుకుంది. కాలు లాగుతోందంటే మోకాలి కింద మెత్తటి దిండు పెట్టింది. వచ్చిన చుట్టాలంతా మెచ్చుకున్నారు. పుంగనూరు బస్టాండు దగ్గర చిన్న గదిలో ఫిజియోథెరపీ చేసే వాణి ఇంటికొచ్చి ఆ దిండును చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎవురు పెట్టినారక్కా దీన్ని? మోకాలు ఇట్లా వంచి పెడితే వంగినట్టే బిగుసుకుపోతాది. మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టండి. మోకాలు కిందికి అణగాల."

దిండు తీసి మడమ కింద తువ్వాలు పెట్టగానే సిద్దమ్మ కెవ్వుమంది. సరళ ముఖం చిన్నబోయింది. కేక మధ్యలోనే సిద్దమ్మ దిండును కూతురి ఒళ్లోకి విసిరి, "ఇది నీకే పెట్టుకో, తల కింద!" అంది.

ఆ తరువాత ఆటోలో రోజూ వాణి గదికి పోవడం మొదలైంది. మంచం అంచున కూర్చోబెట్టి, కాలు వేలాడదీసి, మడమ పట్టుకుని వెనక్కు నొక్కేది వాణి. సిద్దమ్మ పళ్లు కరుచుకునేది.

"ఊపిరి బిగపట్టొద్దు పెద్దమ్మా. నువ్వు బిగపడితే కాలు కూడా బిగుసుకుంటాది. ఏమన్నా మాట్లాడు."

"పానం పోతాంటే ఏం మాట్లాడేది పాపా?"

"పోనీ తిట్టు."

సిద్దమ్మకు ఆ మాట చాలు. మొదట వాణి చేతులను తిట్టింది. ఆ తరువాత కుప్పం డాక్టరును, పక్కనే నిలబడిన సరళను, మోకాలు బాగైతే కొండ ఎక్కుతానని మొక్కమన్న పక్కింటామెను. చివరికి మండీ మేస్త్రీ గోవిందప్ప దగ్గర కుదురుకుంది. గోవిందప్ప మీద తిట్లు ఊటలా వచ్చేవి. ఊపిరి ఆడేది, కాలు వంగేది.

"ఎవురు పెద్దమ్మా ఆ గోవిందప్ప? ఆయప్ప పుణ్యాన నీ కాలు బాగైతాండాది" అని వాణి నవ్వేది.

ఇంటికొచ్చాక మాత్రం సిద్దమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. సరళ అడుగుల చప్పుడు వినబడగానే కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఉల్లిగడ్డలు కోస్తిని" అనేది. తీరా చూస్తే ఇంట్లో ఉల్లిగడ్డలుండేవే కావు. కాసేపటికి తనే లేచి, వాణి నేర్పినట్టు స్టీలు పళ్లెం తిరగేసి, మీద పౌడరు చల్లి, మడమను దాని మీద ముందుకూ వెనక్కూ జరిపేది. ఇల్లంతా పౌడరు వాసన వచ్చేది.

మొదట వాకర్ పోయింది, తరువాత కర్ర పోయింది. ఒకనాడు పొద్దున్నే సిద్దమ్మ పాత చీర కట్టుకుని, సద్దిగిన్నె సంచిలో పెట్టుకుంది.

"యాడికి?" అంది సరళ.

"మండీకి."

"డాక్టరు చెప్పింది మరిసిపోయినావా?"

"కింద కూర్చోవద్దన్యాడు. మండీకి పోవద్దనలేదు."

"నా జీతం సాలదామ్మా మన ఇద్దరికీ? మా ఆఫీసులో అందరికీ తెలుసు, మా అమ్మ ఇంక పనికి పోదని."

"అందరికీ నువ్వే సెప్పినావు, నన్నడిగినావా? ఏమ్మే, ఇంట్లో కుర్చీలో కూర్చునేదానికైతే పాత మోకాలు సాలదా? కొత్తది యాల ఏయించినట్టు?"

సరళ తలుపుకు అడ్డం నిలబడింది. సిద్దమ్మ తోయలేదు. "తప్పుకో, బస్సు పోతాది" అంది, అంతే. సరళ తప్పుకుంది. ఆ రోజంతా ఆఫీసులో ఆమెకు పని సాగలేదు. గోవిందప్ప ఒప్పుకోకపోతే బాగుండునని కోరుకుంది. కోరుకున్నందుకు మళ్లీ బాధపడింది.

సాయంత్రం సరళ ఇల్లు చేరేసరికి సిద్దమ్మ గోళ్లలో టమాటా గుజ్జుతో కనబడింది.

"ఏమన్యాడు మేస్త్రీ?"

"ఏమంటాడు? ఒప్పుకున్యాడు."

ఖాళీ బాక్సులు బోర్లించి, ఒకదానిమీద ఒకటి నడుమెత్తు పేర్చి, పైన చెక్క పలక వేసుకుందట. కాయను దానిమీద పోయించుకుని నిలబడే ఏరిందట. "టిపినంగడి పెట్టినావా అక్కా, రెండు దోశలెయ్యి" అని హమాలీలు నవ్వారట. "వడలు కూడా ఉండాయి, దగ్గిరికి రా" అన్నదట సిద్దమ్మ. కొన్నాళ్లకు ఆమెతో పనిచేసే అక్కమ్మ కూడా నడుము నొప్పని లేచి ఆ బల్లకు అవతలివైపు నిలబడింది. మిగతావాళ్లు రాశి చుట్టూ కిందే కూర్చున్నారు. సిద్దమ్మ ఎవరినీ లేవమనలేదు, ఎవరు పిలిచినా తను దిగి కూర్చోలేదు.

సరళకు మెల్లగా అలవాటైంది. ఇంట్లో అన్నం బల్లమీదికి మారింది. పెళ్లికి పోతే, "మా అమ్మ కింద కూర్చోలేదు, కుర్చీ వేయండప్పా" అని సరళే అందరికీ చెప్పేది. సిద్దమ్మ కాదనేది కాదు. కుర్చీలో దర్జాగా కూర్చుని, వడ్డించేవాళ్లను పేరుపెట్టి పిలిచేది.

సిద్దమ్మ దినాలైపోయిన మర్నాడు అక్కమ్మ వచ్చింది. సరళ ఇచ్చిన కాఫీ గ్లాసు అందుకుంది. సరళే అంది: "గోవిందప్ప మంచోడే అత్తా. మా యమ్మ పోయి అడగ్గానే నిలబడి సేసుకోమన్యాడు."

అక్కమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఎవురు పాపా సెప్పింది? ఆయప్ప యాడ ఒప్పుకున్యాడు? 'కింద కూర్చోలేనోళ్లకి ఈడ పని లేదక్కా, ఇంటికి పో' అన్యాడు, అందరి ముందరా. మీ యమ్మ సంచి పక్కన పెట్టింది. చీర ఎత్తి దోపుకునింది. రాశి ముందర రెండు మోకాళ్లూ మడిచి బాసింపట్టు వేసి కూర్చునింది. బాక్సు నిండే దాకా కూర్చునే ఏరింది. ఎవురి చెయ్యీ పట్టుకోకుండా లేసి నిలబడింది. 'సూసుకున్యావా? కూర్చోలేక కాదు. ఇంక కూర్చోను' అనింది. అని, పోయి తనే బాక్సులు తెచ్చి పేర్చుకునింది."