నడిపించి చూడని పెట్టె

ఆ బూట్ల వర్క్‌షాపులో ఆమెను ఎదురుగా అక్కా అనేవాళ్ళు, వెనక చిటపట అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసి ఊరుకుందా అంటే, ఊరుకునే మనిషైతే ఆ పేరెందుకు వస్తుంది? "చాటుగా ఎందుకు, నా ముందే అనండి! నాకేం కొత్త పేరు కాదుగా!" అని కుట్టుమిషన్ల దగ్గరకు వెళ్ళి మరీ అరిచి వచ్చింది.

అది మామూలు చెప్పుల దుకాణం కాదు. రెండు పాదాలూ ఒక్కలా లేనివాళ్ళకు బూట్లు చేసే చోటు. చక్కెర జబ్బుతో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, పుట్టుకతోనే మడమ తిరిగినవాళ్ళు, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు వస్తారు. వర్క్‌షాపు ఆమె మేనమామది. ఆమె కుడికాలు ఎడమకాలి కంటే పొట్టి. నడక నేర్చిన దగ్గర్నుంచీ ఆమె బూట్లన్నీ అక్కడ పెద్దమేస్త్రి చేతిలో తయారైనవే. తోలు వాసనలోనే పెరిగింది, కంప్యూటర్లు చదివింది, తిరిగొచ్చి అక్కడి యంత్రాలన్నీ నెత్తినేసుకుంది. నెత్తినేసుకోవడం అంటే మాటలా! ప్రింటర్ ఆగినా ఆమే, అత్త ఫోనులో ఫొటోలు పోయినా ఆమే.

ఆమె కోపానికి మూలం వెతుక్కుంటూ పోతే ఒక లారీ దగ్గర తేలుతాం. ఒకప్పుడు ఆ గోడల నిండా చెక్క అచ్చులు వేలాడేవి. ప్రతి మనిషి పాదాన్నీ పెద్దమేస్త్రి చెక్కలో చెక్కి, ఎడమా కుడీ కలిపి తాడుతో కట్టి తగిలించేవాడు. పాదాన్ని కెమెరాతో కొలిచే యంత్రం వచ్చాక మామయ్యకు ఆ గోడలు ఖాళీ చేయాలనిపించింది. అంతే, లారీ పిలిపించి, తనే ముందు సీట్లో కూర్చుని మొత్తం కట్టెల కింద తోలేశాడు. చిన్నప్పటి నుంచీ ఆమె పాదం పెరిగిన ప్రతి అచ్చూ అందులోనే పోయింది. నావైనా ఉంచమని ఆ రోజు ఆమె గొంతు బొంగురుపోయేదాకా అరిచింది.

"అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదే, కట్టెల కోసం ఏడుస్తావేంటి?" అని మామయ్య నవ్వేశాడు.

ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు. ఎందుకు మరిచిపోవాలి? అప్పటినుంచీ ఆ పాదాలన్నీ మెట్ల కింద గదిలో ఒక్క పెట్టెలో బతుకుతున్నాయి. దాన్ని స్టోరేజి అంటారు. దాని పైన రెండు సర్వర్లు. ఒక్కో సర్వర్ లోపల నాలుగైదు కంప్యూటర్లు విడివిడిగా ఉన్నట్టే పనిచేస్తాయి, ఒకటి కొలతలకు, ఒకటి బిల్లులకు, ఇలా. సర్వర్లు ఆలోచిస్తాయి, పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తుపెట్టుకునేది ముసలిదైపోయింది. లోపలి డిస్కులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, కొత్తవి దొరకడం లేదు. పీక్ పీక్‌మని అది మొత్తుకుంటుంటే మేడమీద మామయ్యకు వినపడేది కాదు, కింద ఈమెకు నిద్రలో కూడా వినపడేది.

"మామయ్యా, అది పోతే మన దగ్గర ఒక్క పాదం మిగలదు. చెక్కలు కూడా లేవు."

"చూద్దాంలే."

ఈ చూద్దాం అనే మాట కనిపెట్టినవాడెవడో ఆమె చేతికి దొరకలేదు గానీ, దొరికితే మిగిలేవాడు కాదు.

ఎట్టకేలకు మామయ్య కదిలాడు. కదిలి ఏం చేశాడు? అత్త తమ్ముణ్ణి పిలిచాడు. ఆయన సర్వర్లు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు కాబట్టి వర్క్‌షాపులో ఆయన పేరు నవ్వులాయన. వరసకు ఈమెకు బాబాయి.

నవ్వులాయన మేడమీద గదిలో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. నల్లగా నిగనిగలాడే రెండు సర్వర్లు, వాటి కింద ఒకే ఒక్క పెద్ద స్టోరేజి, అన్నీ అద్దాల తలుపున్న ఒక్క బీరువాలో. "ఒక సర్వర్ పోయినా రెండోది పని అందుకుంటుంది బావా. నువ్వు గుర్తుపట్టను కూడా లేవు" అన్నాడు.

"మరి కింద పెట్టె పోతే?" అంది ఆమె.

"అది పోదమ్మా."

"పోతే?"

"దానికి కరెంటు రెండు వైపుల నుంచి వస్తుంది, లోపల అన్నీ రెండేసి ఉంటాయి. పోదు తల్లీ."

"మెట్ల కింద పైపు పగిలి నీళ్ళు పడితే రెండేసి ఉన్నవీ కలిసే తడుస్తాయి కదా బాబాయ్! ఇప్పుడున్నదీ ఇంతేగా, ముసలిది తీసి పడుచుది పెడుతున్నారు, అంతే! నాకు రెండు మామూలు సర్వర్లు చాలు. దేని డిస్కులు దానికే. ఒకటి మెట్ల కింద, ఇంకొకటి వెనక తోలు గది పైన. ప్రతిదీ రెండిట్లోనూ ఉండాలి. మూడో నకలు ఈ బిల్డింగులోనే ఉండకూడదు."

నవ్వులాయన మామయ్య వైపు చూసి నవ్వాడు. మామయ్య ఆమె వైపు చూసి నిట్టూర్చాడు. "నువ్వు ముందు అరవడం మానెయ్. మొన్న టీలో పంచదార ఎక్కువైందనీ ఇలాగే అరిచావు. నీకు టీ అయినా ఒకటే, సర్వర్ అయినా ఒకటే."

అదీ ఆ మాట! ఒళ్ళు మండదూ మరి? పంచదార ఎక్కువైతే అరిచింది, నిజమే. దానికీ దీనికీ ముడిపెడితే ఇంక ఆమె ఏ గొంతుతో చెప్పాలి? నవ్వులాయన చెప్పేవి ఆయనకే సరిగ్గా తెలియకపోయినా నవ్వుతూ చెబుతాడు కాబట్టి నమ్మకం. ఈమె తెలిసి చెప్పినా అరుస్తూ చెబుతుంది కాబట్టి చాదస్తం. పైగా ఇంట్లో పిల్ల, బయట కంపెనీవాళ్ళకున్న విలువ ఎక్కడినుంచి వస్తుంది?

"సరే బావా, ఆర్డరు పెట్టేస్తా" అని నవ్వులాయన లేచాడు.

ఆమె మెట్లు దిగుతూ వర్క్‌షాపు మధ్యలో ఆగిపోయింది. మిషన్ల చప్పుడు దాటి వినపడేలా ఒక్క కేక పెట్టింది. "నడిపించకుండానే కొనేస్తున్నాడు మేస్త్రీ! మామయ్య నడిపించకుండానే కొనేస్తున్నాడు!"

పెద్దమేస్త్రి కత్తి కింద పెట్టాడు. ఒక్కొక్క మిషనూ ఆగింది.

ఆ వర్క్‌షాపులో ఒక కట్టుబాటు ఉంది. బూట్లు ఎంత బాగా కుదిరాయనిపించినా నడిపించి చూడకుండా జోడు గుమ్మం దాటదు. గోడ నుంచి కిటికీ దాకా చెక్కపలకలు పరిచి ఉంటాయి. బూట్లు చేయించుకున్న మనిషి వాటి మీద నడవాలి. గోడ పట్టుకోకూడదు, చేతికర్ర ఉండకూడదు. అప్పుడు మిషన్లన్నీ ఆపేస్తారు. పెద్దమేస్త్రి మొహం గోడకు తిప్పుకుని రెండు కాళ్ళ చప్పుడూ వింటాడు. తేడా ఉంటే ఒక్క మాట అనడు, చెయ్యి చాపుతాడు. బూటు విప్పి ఆ చేతిలో పెట్టాల్సిందే. మామయ్య తండ్రి పెట్టిన కట్టుబాటు అది. దాన్ని మామయ్య కూడా కాదనలేడు.

మెట్ల మీద నిలబడ్డ మామయ్య అందరి మొహాలూ చూశాడు. "అది బూటా, నడిపించడానికి?" అని గొణిగాడు. ఎవరూ మిషన్ మొదలుపెట్టలేదు. "సరే, తెప్పించి చూపించరా" అన్నాడు బావమరిదితో.

నవ్వులాయన కంపెనీ నుంచి నమూనా సెట్టు తెచ్చి ఆ చెక్కపలకల మీదే పెట్టాడు. తెర మీద ఒక పాదం బొమ్మ గుండ్రంగా తిరుగుతోంది. ఆయన పెళ్ళికొడుకులా ముందుకొచ్చి ఒక సర్వర్ కరెంటు తీగ పీకేశాడు. బొమ్మ కాస్త తడబడి మళ్ళీ తిరిగింది. రెండోది పని అందుకుంది. కుట్టేవాళ్ళు చప్పట్లు కొట్టారు. అత్త అందరికంటే గట్టిగా కొట్టింది.

"ఇప్పుడు ఇది" అని చిటపట కింది పెట్టె తీగల మీద చెయ్యి వేసింది.

"అమ్మా, అమ్మా! అది తియ్యకూడదు!"

"ఎందుకు బాబాయ్?"

"అది పోదని చెప్పాను కదా!"

"పోనప్పుడు భయమెందుకు?" అంటూ రెండు తీగలూ లాగేసింది. పాదం మాయమైంది. పైన రెండు సర్వర్లూ నిక్షేపంగా ఉన్నాయి, తిప్పడానికే ఏమీ లేదు. పెద్దమేస్త్రి ఇటు తిరిగి నవ్వులాయన ముందు చెయ్యి చాపాడు. ఆ మొహంలో నవ్వు లేకుండా చూడటం వర్క్‌షాపుకు అదే మొదలు.

మామయ్య మొహం ఎర్రబడింది. "చాల్లే! మరి నీదో? నీదీ నడిపించు!"

ఆమె సిద్ధంగానే ఉంది. పక్కనపెట్టేసిన పాత యంత్రాలు రెండు బాగుచేసి, తను చెప్పిన పద్ధతిలో కలిపి, పాదాలన్నీ వాటిలోకి నకలు చేసుకుని చూపించడానికి పెట్టుకుంది. ఒకదాని తీగ పీకింది. "ఎవరి పాదం కావాలో అడగండి!" అంది, గొంతులో గీర దాచుకోకుండా.

"నీదే తియ్యి" అన్నాడు పెద్దమేస్త్రి. ఆమెకు కొత్త జోడు అప్పుడే చేస్తున్నాడు.

ఎడమ పాదం వచ్చింది. కుడి పాదం రాలేదు. మళ్ళీ వెతికింది. లేదు. పనిలో ఉన్న ఇంకో జోడు తీసింది, అందులోనూ ఒక పాదం లేదు. ఇంకొకటి తీసినా అంతే. నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టయింది.

ఎందుకలా అయిందో ఆమెకు నిలబడ్డచోటే అర్థమైంది. పని జరుగుతున్న అచ్చును మనిషి నడిచేదాకా గోడకు తగిలించకపోవడం చెక్కల కాలం నుంచీ మేస్త్రుల అలవాటు. కంప్యూటర్ వచ్చినా అదే అలవాటు. చేస్తున్న పాదాన్ని తెర మీద అలాగే తెరిచి ఉంచి ఇంటికి వెళ్ళిపోతారు. తెరిచి ఉన్నదాన్ని ఆమె నకలు పద్ధతి ముట్టుకోకుండా దాటేసింది. రోజూ చూస్తున్న అలవాటే, ఆమెకు తట్టలేదు. ఏ జోడు మర్నాడు అవసరమో, సరిగ్గా అదే నకలులో ఉండదు.

పెద్దమేస్త్రి ఆమె ముందు కూడా చెయ్యి చాపాడు.

"చూశావా!" అన్నాడు మామయ్య. నవ్వులాయన నవ్వు వెనక్కి వచ్చేసింది. "ఎవరిదైనా ఒకటేనమ్మా, ఏదో ఒక లోపం ఉంటుంది. మాది కనీసం చూడటానికైనా బాగుంటుంది."

ఆ మాటకు ఆమె కణతలు అదిరాయి. కానీ ఈసారి మండింది ఆయన మీద కాదు, తన మీద. తిట్టుకోవడానికి కూడా తీరిక తీసుకోలేదు. పెద్దమేస్త్రికి బూటు తిరిగొస్తే దాన్ని విసిరికొట్టడు, కుట్టు విప్పుతాడు. ఆమె కూడా విప్పింది. తెరిచి ఉన్నా మూసి ఉన్నా, ఆ క్షణానికి ఎలా ఉన్నది అలాగే నకలు తీసేలా అంతా మార్చింది. భోజనానికి పిలిస్తే పిలిచినవాళ్ళ మీద అరిచింది. నవ్వులాయన్ని కూడా పిలిచి, "మీదీ మార్చి తీసుకురండి, మళ్ళీ నడిపిద్దాం" అంది. కంపెనీ పద్ధతి మార్చడం కుదరదని ఆయన ఫోనులోనే నవ్వేశాడు.

రెండోసారి మిషన్లు ఆగాయి. ఆమె తన రెండు యంత్రాలూ నడిపి, మెట్ల కింద పాత పెట్టె దగ్గరకు వెళ్ళింది.

"అదెందుకే? అదలా ఉండనీ పక్కన!" మామయ్య గాభరాపడ్డాడు. "ముసలిది, ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో!"

"అది అక్కడ ఉండగా నడిస్తే కర్ర పట్టుకుని నడిచినట్టే మామయ్యా. మన దగ్గర అది లెక్కలోకి రాదు."

"ఒకవేళ నీది మళ్ళీ తప్పితే?"

"అందుకే నువ్వు కూడా ఇక్కడే నిలబడు" అంది, పళ్ళు బిగించి. పాత పెట్టె ఆపేసింది. అన్నాళ్ళూ చెవుల్లో మోగిన పీక్ పీక్ ఆగిపోయింది.

తన యంత్రాల్లో ఒకదాని తీగ కూడా పీకేసింది. తెర మీద ఎడమ పాదం వచ్చింది. కుడి పాదం వచ్చింది, పొట్టిగా, కాస్త లోపలికి తిరిగి, నిన్న సాయంత్రం మేస్త్రి గీసిన గీత దాకా. పనిలో ఉన్న జోళ్ళన్నీ ఒక్కొక్కటిగా అడిగారు, అన్నీ వచ్చాయి. పెద్దమేస్త్రి గోడ వైపు తిరిగే ఉన్నాడు. చెయ్యి చాపలేదు.

"హమ్మయ్య" అన్నాడు మామయ్య చెమట తుడుచుకుంటూ. "ఇలాంటివే రెండు కొత్తవి కొందాం. ఇంక ఆ పాతది ఆన్ చేసెయ్."

ఆమె మీట నొక్కింది. పెట్టె లోపల ఏదో గరగరలాడింది. మళ్ళీ నొక్కింది. గరగర కూడా లేదు. ఇంకోసారి మామయ్యే వంగి తన చేత్తో నొక్కాడు. అది లేవలేదు.

మామయ్య అలాగే కూర్చుండిపోయాడు. ఖాళీ గోడల కేసి చూశాడు. మేకులు పీకిన గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి. "ఆ చెక్కలు ఉంచాల్సింది" అన్నాడు. "నీవైనా తీసి ఇంట్లో పెట్టాల్సింది. అడిగావు కూడా."

"ఇప్పుడా మామయ్యా చెప్పేది!" ఆమె గొంతు వర్క్‌షాపు అంతా మారుమోగింది. "కట్టెలన్నావు! నవ్వావు! నా కాళ్ళు మామయ్యా అవి, చిన్నప్పటి నుంచీ నా కాళ్ళు! లారీ వెనక ఈ కుంటికాలితో రోడ్డు చివరిదాకా వచ్చాను, నువ్వు కనీసం వెనక్కి తిరిగి చూడలేదు!"

ఏడుస్తూ అరిచింది. అరుస్తూ ఏడ్చింది. అత్త లోపలి నుంచి వచ్చి, "ఏంటే ఆ అరుపులు, మెల్లగా చెప్పలేవా?" అంది.

మామయ్య అత్తను చేత్తో ఆపాడు. నేల మీద, చచ్చిన పెట్టె పక్కనే కూర్చుని, మేనకోడలి మొహంలోకి చూస్తూ ఆమె అరుపంతా చివరిదాకా విన్నాడు.