కుడివైపు నుంచి తెరిచిన నవ్వుల పుస్తకం

నా చిన్నప్పుడు, కామారెడ్డిలో మా తాతయ్య పుస్తకాలు కుట్టి, అట్టలేసి జిల్దులు కట్టేవాడు. పని కచేరీ రిజిస్టర్లదే అయినా ప్రాణమంతా మూలనున్న సందుగ పెట్టెలో ఉండేది. అందులో విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లీషు నవ్వుల పుస్తకాలు, పుటపుటకూ బొమ్మలు. పోచారం బంగళాలో దిగిన దొరలు వదిలేసినవి, కిరాణా కొట్లో పొట్లాలు కాబోతున్నవి, ఎక్కడ కనబడినా తెల్లకాగితాలిచ్చి మార్చుకొచ్చేవాడు. ఒక్క ముక్క చదవలేడు. బొమ్మలు చూసి బొజ్జ కదిలేలా నవ్వుకునేవాడు. మమ్మల్ని మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు.

ఒక వానాకాలం పొద్దున బడి ముందే జారి బురదలో చతికిలబడ్డాను. బడి బడంతా నవ్వింది. ఇంటికొచ్చి, చచ్చినా మళ్లీ వెళ్లనని మొండికేశాను. ఆడపిల్లకు చదువెందుకని ఎప్పుడూ గొణిగే మా నాయనకు అంతే చాలు. "రేపు బడికి పోకుంటే ఎల్లారెడ్డిల మేనత్త దగ్గర దింపొస్త. పనన్న నేర్చుకుంటది" అన్నాడు.

తాతయ్య మధ్యాహ్నమంతా గది తలుపేసుకుని పనిలో ఉన్నాడు. సాయంత్రం నన్ను పిలిచి, సందుగ తెరిచి, అన్నిటికన్నా అపురూపంగా చూసుకునే పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టాడు. బయట సన్నగా వాన, గదినిండా జిగురు వాసన.

అప్పట్లో మా బడి పుస్తకాలన్నీ ఉర్దూవి, కుడివైపు నుంచి తెరుచుకునేవి. దీన్నీ అలాగే తెరిచాను. మొదటి బొమ్మలో ఒక బొజ్జ దొర బురదలో కూలబడి ఉన్నాడు, చుట్టూ జనం పళ్లికిలిస్తున్నారు. పుట తిప్పితే లేచి నిలబడ్డాడు. ఇంకోటి తిప్పితే నెత్తిన టోపీ, ఒంటిమీద మరకైనా లేదు. చివరికి ఇంట్లో భార్య ఎదుట కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నాకు ఏడుపు ఎప్పుడాగిందో తెలియదు.

"తాతా, గంత బురద ఏడికి పోయింది?"

తాతయ్య నా పక్కన కూర్చున్నాడు. "కాయితం తిప్పినవ్ గద బిడ్డా" అన్నాడు.

మర్నాడు బడికి వెళ్లాను. రెండు రోజులు నవ్వారు, మూడో రోజు మరిచిపోయారు.

కొన్నేళ్లకు నాకు ఇంగ్లీషు వచ్చింది. ఒకరోజు సందుగ సర్దుతుంటే అన్ని పుస్తకాలూ ఎడమనుంచి మొదలయ్యాయి, ఆ ఒక్కటి తప్ప. దాని అట్ట విప్పి, ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చి కుట్టారు; లోపలి పుటలు మాత్రం అలాగే ఉన్నాయి. కుట్టు తాతయ్యది. ఎడమనుంచి చూస్తే చాయ్ తాగి దర్జాగా బయల్దేరిన దొర చివరికి బురదలో పడతాడు, లోకమంతా నవ్వుతుంది. అసలు కథ అదీ. కుడినుంచి తెరిచేవీ, ఎడమనుంచి తెరిచేవీ రెండు రకాల పుస్తకాలూ కట్టే మనిషికి ఆ సంగతి మొదటే తెలుసు. వాటి దారం మార్చాల్సి వస్తేనే విలవిల్లాడే తాతయ్య, తన ప్రాణంలాంటి పుస్తకం అట్టను ఆ మధ్యాహ్నం నాకోసం తిరగేసి కుట్టాడు. ఎందుకని అడిగాను.

"ఆయనను బురదల్నే కూసోబెట్టి పుస్తకం మూస్తే ఎట్ల బిడ్డా?" అన్నాడు.

మొన్న పాత పుస్తకాలు తెలిసినాయన ఒకరు దాన్ని చూసి, అట్ట మార్చి పాడుచేశారని నొచ్చుకున్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇన్నేళ్లలో నా బతుకులోనూ బురద రోజులు చాలానే వచ్చాయి. అప్పుడల్లా ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, కుడివైపు నుంచే తెరుస్తాను.