ఎముక చేతికి దొరకాలి

మా తోడికోడలు పోయింది. క్లాంగ్ ఆసుపత్రి నుంచి మా మరిది ఫోను చేసేసరికి నేను పాకలో పశువుల తొట్టి కడుగుతున్నాను. ఫోను మోగితే నాకు ఎప్పుడూ భయమే. ఈసారి ఆ భయం నిజమైంది. ఏడుద్దామని కూర్చుంటే పశువులు అరుస్తున్నాయి. ముందు మేత వేసి, ఆ తర్వాత ఏడ్చాను. ఆమె చూసుంటే మెచ్చుకునేది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మాంసానికి పశువుల్ని పెంచిన మనిషి గురించి ఏం రాస్తుంది అని మొహం తిప్పుకుంటారేమోనని, రాస్తూ కూడా భయపడుతున్నాను. అవును, మా కోడెలు ఇక్కడి మలాయి ముస్లింల హరి రాయ హాజీ పండక్కి, అంటే బక్రీదుకి, పోతాయి. మా మామగారి కాలం నుంచీ అంతే. అది పాపం కాదా అని ఒకసారి ఆమెనే అడిగాను. గడ్డి కోస్తున్న చెయ్యి ఆపకుండా చెప్పింది: "దాని రాత దేవుడు సూసుకుంటాడక్కా. మన పాకలో ఉన్నన్నాళ్ళు దానికి ఆకలేసిందంటే, ఆ పాపం మాత్రం మనదే."

ఆ మాట ఆమె నిలబెట్టుకున్న ఏడాది గురించి చెప్పాలి.

అంతకుముందు మా పశువులు ఎస్టేటులో పామ్ చెట్ల కింద మేసేవి. ముసలి చెట్లు కొట్టేసి కొత్తవి నాటారు. లేత మొక్కలు తినేస్తాయని పశువుల్ని రానివ్వడం మానేశారు. పాకలో కట్టేసి, రోడ్డు పక్క గడ్డి కోసి వేశాం. అది ఏ మూలకి? పక్కటెముకలు బయటపడ్డాయి. గోడలు నాకేవి, మట్టి తినేవి. ఏటా మా దగ్గర కొనే మలాయి పెద్దాయన, మేం పక్చిక్, అంటే బాబాయి, అని పిలుస్తాం, ఎర్ర కోడె మీద చెయ్యి వేసి "కురుస్ లా" అన్నాడు. బక్కది అని. కొనకుండా వెళ్ళిపోయాడు.

వచ్చిన ధరకి అన్నీ అమ్మేసి పాక ఎత్తేద్దామన్నారు మా ఇంటి మగవాళ్ళు. నేనూ సరేనన్నాను. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.

"వచ్చే పండక్కి ఆ పక్చిక్ తనకి తానే వచ్చి అడగాల. అడక్కపోతే నానే తాడిప్పి తోలీస్తాను."

టోఫు చేసే చీనా ఆయన దగ్గర సోయా పిప్పి అడిగి తెచ్చింది. మిల్లు నుంచి నూనె తీసిన పామ్ గింజల చెక్క తెచ్చింది. మట్టలు సన్నగా తరిగించి గడ్డిలో కలిపింది. ఇంటి వెనక నేపియర్ గడ్డి నాటింది. నాకు ప్రతిదానికీ భయమే. మట్ట గొంతులో అడ్డుపడితే? చెక్క పడకపోతే?

"కొత్త మేత కొత్త కోడల్లాటిదక్కా. వచ్చిన రోజే తాళాలగుత్తి ఇచ్చేస్తామేటి?" అని నవ్వి, గుప్పెడు గుప్పెడుగా పెంచుకుంటూ పోయింది. పశువుల డాక్టరమ్మ చెప్పినట్టు నట్టల మందు వేయించి, ఉప్పు ఇటుక వేలాడదీసింది. ఆ ఇటుకలో ఏం కలిపారోనని నేను గొణుగుతుంటే తనే ఒకసారి నాకి చూపించింది. "సూడు, బతికే ఉన్నాను. కొంచెం అందం కూడా వచ్చినట్టుంది."

పశువులు కాస్త తేరుకుంటున్న రోజుల్లోనే మా పెదమావయ్య పెళ్ళిలో మిగిలిన అన్నం వ్యాన్లో వేసుకొచ్చాడు. బక్క పశువులకి అన్నం పెడితే పుణ్యమని మనవాళ్ళ నమ్మకం కదా. ఆమె గేటుకి అడ్డంగా నిలబడింది.

"దించకు మావా. అంతన్నం ఒక్కసారే పడితే కడుపులో పులిసి ఉబ్బిపోతాయి."

"పశువుకి అన్నం పెట్టొద్దన్నదాన్ని నిన్నే సూసినాను!"

"పున్నెం నీకు, కడుపునొప్పి దానికీనా? కోళ్ళకేసుకో. పున్నెం ఏటీ తగ్గిపోదు."

ఆయన అలిగి వెళ్ళిపోయాడు. కోళ్ళకే వేశాడని తర్వాత తెలిసింది.

రోజూ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని ఎర్ర కోడె డొక్క మీద పెట్టేది. "కళ్ళతో కాదక్కా, ఏళ్ళతో సూడు. ఎముక సేతికి దొరకాల, కంటికి కనపడకూడదు." మొదట్లో వేళ్ళకి ఉత్త కర్రలు తగిలేవి. కొన్నాళ్ళకి దుప్పటి కప్పిన కర్రలు. ఆ తర్వాత పరుపు కింద దాచిన కర్రలు. గోడలు నాకడం మానేశాయి. ఒళ్ళు నిగనిగలాడింది.

పండగ దగ్గరపడ్డాక పక్చిక్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఎర్ర కోడె డొక్క తడిమి, తోక మొదలు నొక్కి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. "గెముక్!" అన్నాడు. బలిసింది అని! ఇది అదే కోడేనా అని అడిగాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, "కాదు, దాని మేనమామ" అని తెలుగులోనే చెప్పింది. అర్థం కాకపోయినా ఆయన పగలబడి నవ్వాడు. అడిగిన ధర ఇచ్చాడు. పాక ఎత్తేద్దామన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు. పంపే రోజున ఎర్ర కోడెకి కడుపునిండా తనే మేత పెట్టింది. లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, ఖాళీ తొట్టి కడగడానికి వెళ్ళింది.

మొన్న ఆసుపత్రిలో జావ తాగవే అని బతిమాలుతుంటే, "నన్ను కూడా పండక్కి అమ్ముతావేటక్కా?" అని నవ్వింది. ఆ వెంటనే, ఈ ఏటి పండక్కి పెంచుతున్న నల్ల కోడె సంగతి అడిగింది. "ఎముక దొరుకుతుందా, కనపడతుందా?" దొరుకుతోందనే చెప్పాను. ఆమె మంచం పట్టినప్పటి నుంచి మేత వేసేది నేనే. నా చేతిలో పడి అవి ఎక్కడ చిక్కిపోతాయోనని నాకు కంటిమీద కునుకు లేదు.

కర్మ అయ్యాక పక్చిక్ పలకరించడానికి వచ్చాడు. నేరుగా పాకలోకి నడిచాడు. నల్ల కోడె డొక్క మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు.

"గెముక్" అన్నాడు, మెల్లగా.

ఆమె చివరిసారి కట్టిన ఉప్పు ఇటుక ఇంకా అక్కడే వేలాడుతోంది. నాలుకలు తగిలి తగిలి మధ్యలో గుంటపడి చిన్న గిన్నెలా తయారైంది. నల్ల కోడె పక్చిక్ చెయ్యి విదిలించుకుని వెళ్ళి, అందులో మూతి పెట్టి, చప్పుడు చేసుకుంటూ నాకడం మొదలుపెట్టింది.