నేను చూడలేదన్న సంతకం

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పైకి అది అబద్ధంలా కనిపించదు, తీర్పులా కనిపిస్తుంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ నన్ను నిలదీయలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

హనుమకొండలో నాకు ఆట సామాన్ల దుకాణం ఉంది. బ్యాట్ల మీద, బంతుల మీద ఆటగాళ్లు పెట్టిన సంతకాలు అసలువో నకిలీవో చెప్పగలనని నాకు పేరు. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్‌లో ఫొటోలు పంపుతారు. నేను అసలంటే అద్దాల పెట్టెలోకి వెళ్తుంది. కాదంటే మూలకు పోతుంది.

యాకన్న నా దోస్తు. హసన్‌పర్తివాడు, ఫాస్ట్ బౌలర్. మేం కాలేజీలో ఉండగా ఒక పెద్ద జట్టు ప్రాక్టీసు కోసం హైదరాబాద్ వస్తే, నెట్స్‌లో బంతులు వేయడానికి మా ఇద్దరినీ పిలిచారు. నాకు వంతు రాలేదు. వాడికి వచ్చింది. దేశమంతా నెత్తిన పెట్టుకున్న ఒక బ్యాట్స్‌మన్ మిడిల్ స్టంప్‌ను యాకన్న ఎగరగొట్టాడు. ఆయన నవ్వి, దగ్గరికి పిలిచి, ఆ బంతి మీదే సంతకం పెడతానన్నాడు. పెన్ను నా జేబులో ఉంది. ఇచ్చాను. బంతి కుట్టు మీదికి రాగానే సిరా ఆగిపోయింది. ఆయన పెన్ను విదిలించి మిగతాది పూర్తి చేశాడు. సంతకం మధ్యలో ఆ విరుపు నా కళ్ల ముందే పడింది.

తర్వాత యాకన్న ఆ కథ చెప్పని చోటు లేదు. చెప్పిన ప్రతిసారీ చివర్లో నా భుజం మీద చెయ్యేసి, "పెన్ను మావోనిదే" అనేవాడు. ప్రేమతోనే అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. టీ కొట్టు దగ్గర, పెళ్లిళ్లలో, నా భార్య ముందు. ఆ కథలో నేనెప్పుడూ పెన్ను ఇచ్చినవాడినే. ఇంత చిన్న మాటకు మనిషి లోపల కుళ్లిపోతాడా? నేను కుళ్లిపోయాను.

చాలా కాలం తర్వాత ఒకాయన ఊరి బయట క్రికెట్ అకాడమీ పెట్టాడు. వర్ధన్నపేట దగ్గర మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్న యాకన్నను కోచ్‌గా తీసుకుంటానన్నాడు. ఆ బంతిని గుమ్మం దగ్గర అద్దాల పెట్టెలో పెట్టాలని ఆయన ఉబలాటం. పెట్టేముందు ఒకసారి చూసి చెప్పమని నన్ను పిలిచాడు. నేను వెళ్లేసరికి పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు కుర్చీల్లో ఉన్నారు. యాకన్న ఇస్త్రీ చొక్కా వేసుకొని, కూతురు స్వరూపను వెంటబెట్టుకొని వచ్చాడు.

నేను భూతద్దం తీశాను. నాకు దాని అవసరం ఏముంది? అయినా తీశాను. చాలాసేపు చూశాను.

"ఈడ చెయ్యి ఆగింది సార్," అన్నాను. "సొంత సంతకం పెట్టేటోడు నడుమల ఆగడు. చూసి దించేటోడే ఆగుతడు."

యాకన్న నవ్వాడు. పరాచికమనుకున్నాడు. "ఏందిరా, జర మంచిగ చూడు. సిరా ఆగింది గదా. పెన్ను నీదే, నువ్వు పక్కనే ఉంటివి."

"నేనున్నట్టు నాకు యాదికి లేదు యాకన్నా."

వాడి ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "పిల్ల ముందట గిట్ల అనకురా," అన్నాడు.

నేను ఓనర్ వైపు తిరిగాను. "నకిలీది సార్."

"పిల్లలకు నేర్పేటోడు దొంగ బంతి పట్టుకొని తిరుగుతాండా?" అన్నాడాయన, అందరికీ వినిపించేలా. స్వరూప తండ్రి వైపు ఒకసారి చూసింది. తనే ముందు బయటికి నడిచింది.

మీ దగ్గర దాచను. ఆ క్షణం నాకు తియ్యగా ఉంది. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

కోచ్ పని పోయింది. మాట ఊరంతా పాకింది. వాడు కనిపిస్తే చాలు, "పెన్ను ఎవనిదే యాకన్నా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆ నవ్వుల్లో నేనూ కలిశాను. ఆ బంతిని గల్లీ పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేశాడని విన్నాను. సిమెంటు రోడ్డు మీద సంతకం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఒక రోజు దుకాణానికి వచ్చాడు. లోపలికి రాలేదు, మెట్టు మీదే నిలబడ్డాడు. "నీ మాటే నిజమేమోరా," అన్నాడు. "ఆ ఆగమాగంల ఇంకెవలన్న పెట్టిచ్చిండ్రేమో. నాకే సరిగ యాది లేదేమో. నిన్ను అందరి ముందట ఇరకాటంల పెట్టిన. మనసుల పెట్టుకోకు."

వాడి బతుకులో గర్వంగా చెప్పుకునేది అదొక్కటే. దాన్ని వాడి జ్ఞాపకంలోంచి కూడా నేనే పీకేశానని అప్పుడు అర్థమైంది. నోరు తెరిస్తే చాలు. తెరిచాను కూడా. "పోనీ తియ్," అన్నాను, నేనే వాడిని క్షమించినట్టు.

పోయినేడు యాకన్న దవాఖానలో చనిపోయాడు. దినాల రోజు స్వరూప నాకు వడ్డించింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? తలొంచుకొని తిన్నాను. ఆమె ఫోన్ నంబరు నా దగ్గరుంది. చేస్తానని మీకు మాట ఇవ్వలేను. ఇచ్చినా నమ్మకండి.

ఆ సంతకం అసలుదే. యాకన్న అబద్ధమాడలేదు. ఇది రాశాక ఛాతీలో ఏదో సడలినట్టుంది, ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. వాడికి దక్కాల్సింది ఏదీ దక్కలేదు. ఈ తేలిక కూడా నాకే దక్కింది.