ఉత్తరం హద్దు: హంసవేణి

ఆ రోజుల్లో బందరులో మ్యాట్నీ వదిలారంటే రోడ్డు మీద ఒకేసారి మూడు నాలుగు వందల మంది హీరోలు నడిచేవాళ్ళు. సైకిలు స్టాండులో చీటీ ఇచ్చేవాడి దగ్గర్నుంచి గేటు పక్కన బఠాణీలు కొనుక్కునేవాడి దాకా అందరి నడకా మారిపోయేది, అందరి కాలరూ పైకి లేచేది. బస్టాండు చేరేసరికి చాలామందికి అది దిగిపోయేది. నాకు మాత్రం వారం దాకా దిగేది కాదు. లారీ డ్రైవరు సినిమా చూస్తే వారమంతా మెళ్ళో తువ్వాలు. డాక్టరు సినిమా చూస్తే ఇంట్లో ఎవరు తుమ్మినా నాడి పట్టుకోవడం. సినిమాలు బతుకు నేర్పుతాయని నేను గట్టిగా నమ్మేవాణ్ణి (మా ఇంట్లో వాళ్ళు అవి బతుకు పాడుచేస్తాయని అంతకన్నా గట్టిగా నమ్మేవాళ్ళు). కాకపోతే సినిమాలో ఎవరి దగ్గర నేర్చుకోవాలో తెలియక నేరుగా హీరో దగ్గర నేర్చుకునేవాణ్ణి. అక్కడే పొరపాటు పడుతున్నానని నాకు చెప్పినాయన అవనిగడ్డలో దస్తావేజులు రాసేవారు.

డిగ్రీ రెండో ఏడు తప్పాక, నాలో పనికొచ్చేది ఏమైనా మిగిలిందేమోనని మా నాన్న వెతికి వెతికి, చేతిరాత ఒక్కటీ బాగుందని కనిపెట్టి, తీసుకెళ్ళి ఆయన దగ్గర కూర్చోబెట్టారు. ఆయన మాకు చుట్టం కాదు. దివిసీమలో సగం మంది ఆయన్ని మావయ్య గారూ అని పిలిచేవాళ్ళు కాబట్టి నాకూ మావయ్య గారే అయ్యారు. రిజిస్ట్రాఫీసు ఎదురుగా రేకుల వసారా, ఒక బల్ల, రెండు బెంచీలు, ఇంకు బుడ్డి, ఇంతే ఆయన సామ్రాజ్యం. ఊళ్ళో ఆయన పేరు హద్దుల మావయ్య. ఆయన రాసిన కాగితంలో హద్దు తప్పిందని ఎవరూ ఏనాడూ వచ్చింది లేదు. ప్రతి దస్తావేజు చివరా 'కొట్టివేతలు లేవు' అని ఒక ముక్క రాసేవారు. ఆ ఒక్క ముక్క కోసం పెన్నుకి ఉన్న పాళీ తీసేసి కొత్త పాళీ పెట్టేవారు. అలా రాస్తున్నప్పుడు పక్కన ఎవరు దగ్గినా ఆయనకి గిట్టేది కాదు.

ఇంత కచ్చితమైన మనిషికి సినిమా పిచ్చి ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆదివారం ఆఫీసుకి సెలవు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బందరు బస్సెక్కేవారు, వెనకాలే నన్నూ ఎక్కించేవారు. మ్యాట్నీ చూసి సాయంత్రం తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అసలు పరీక్ష మొదలయ్యేది. మొదటిసారి ఆయన సినిమా ఎలా ఉందని అడిగితే నేను బస్సు చల్లపల్లి చేరేదాకా హీరో గురించే చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు.

"అదంతా స్థలం లోపల ఉన్న సరుకు. హద్దులు చెప్పు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన చెప్పారు, దస్తావేజులో స్థలం గురించి ఎంత పొగిడి రాసినా అది ఎక్కడుందో తెలియదు, తూర్పున ఎవరు, దక్షిణాన ఎవరు అని చుట్టూ ఉన్నవాళ్ళని రాస్తేనే తెలుస్తుంది, మనిషి సంగతీ అంతేనని. హీరోని వదిలేసి అతని చుట్టూ నాలుగు వైపులా ఎవరు నిలబడ్డారో చెప్పమన్నారు. బస్సు పులిగడ్డ దాటేలోపు చెప్పాలి, అదీ గడువు. నేను హీరోయిన్, తల్లి, స్నేహితుడు అని మూడు వైపులు పూర్తిచేసి, నాలుగో వైపు ఎవరూ దొరక్క విలన్ని పెట్టాను. పులిగడ్డ వచ్చేసింది.

"మొదటి రీల్లో ఆకలితో పడుంటే పిలిచి అన్నం పెట్టిన హోటలావిడేదిరా? ఇంటర్వెల్ తర్వాత కనపడని వాళ్ళని గుర్తుపెట్టుకో. వీణ్ణి హీరోని చేసి, చెప్పకుండా ఇంటికెళ్ళిపోయేది వాళ్ళే."

ఇంత మంచి మాట విని ఊరుకుంటానా. ఆ వారమంతా కనపడ్డవాళ్ళందరికీ చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పుకుంటూ తిరిగాను. నన్ను ఒకటో తరగతిలో బెత్తంతో కొట్టిన మాస్టారింటికి కూడా వెళ్ళాను (ఆయన నన్ను గుర్తుపట్టక, చందా కోసం వచ్చాననుకుని తలుపేసుకున్నారు). కళ్ళనీళ్ళు పెట్టుకుని మాట్లాడుతున్నానని టీ కొట్టాయన భయపడి, అబ్బాయిని ఓ కంట కనిపెట్టి ఉండమని మా నాన్నకి కబురు చేశాడు. మావయ్య గారికి ఈ సంగతి తెలిసి, చెప్పింది గుర్తుపెట్టుకోమని గానీ ఊరేగించమని కాదన్నారు.

అలా ఓ ఏడాది గడిచాక హంసవేణి వచ్చింది. మనిషి కాదు, సినిమాలో పాత్ర. చెరువుకి అవతల ఉన్న బడికి రోజూ పడవ మీద వెళ్ళే పంతులమ్మ. జడ మోకాళ్ళ దాకా ఉంటుంది. ఆ సినిమా బందరు రాలేదు, గుడివాడలో ఆడుతోందని తెలిసి మావయ్య గారే నన్ను బందరు నుంచి రైల్లో తీసుకెళ్ళారు. ఆయన ఒకసారి చూసి తృప్తిపడ్డారు. నేను ఆ తర్వాత మూడుసార్లు వెళ్ళాను, ప్రతిసారీ గుడివాడలో మా అమ్మమ్మకి జ్వరమని చెప్పి. నాకు గుడివాడలో అమ్మమ్మ లేదు. మూడోసారి ఆయన తలెత్తకుండానే, ఈసారి జ్వరం మ్యాట్నీకా ఫస్టు షోకా అని అడిగారు.

సరిగ్గా ఆ జ్వరాల కాలంలోనే ఎండుచేపల పిన్ని దస్తావేజు నా చేతికొచ్చింది. పాలకాయతిప్ప వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి అవనిగడ్డ సంతలో అమ్మే మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకరి దొడ్లో పాక వేసుకుని, ఇవాళ తీసెయ్యమంటారేమో రేపు తీసెయ్యమంటారేమోనని బతికింది. ఇన్నాళ్ళకి తన పేరు మీద ఓ ఇంటి స్థలం కొనుక్కుంటోంది. అమ్మే ఆయన గుడివాడలో ఉంటాడు. రెండుసార్లు వస్తానని రాలేదు. మూడోసారి వచ్చాడు గానీ సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్ళిపోవాలని, మళ్ళీ రావడం తన వల్ల కాదని వచ్చీ రాగానే చెప్పేశాడు. పిన్నికి చదువు రాదు. కొత్త కోక కట్టుకుని, బల్ల పక్కన నిలబడి, నేను రాస్తున్న ప్రతి అక్షరాన్నీ కన్నార్పకుండా చూస్తోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను మాత్రం, ఏం చెప్పను, చెయ్యి దస్తావేజు మీదా మనసు పడవ మీదా పెట్టి రాశాను.

సంతకాలకి ముందు దస్తావేజు అందరి ముందూ పైకి చదవాలని మావయ్య గారి నియమం. చదివే భాగ్యం నాది. నా గొంతు బాగుంటుందని నాకో నమ్మకం ఉండేది కాబట్టి (అది నా ఒక్కడి నమ్మకమే) వసారాలో నిలబడి, కోర్టు సీన్లో హీరోలా ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని చదివాను. తూర్పు పంచాయతీ బాట, దక్షిణం పంటకాలవ, పడమర కొబ్బరి తోట. "ఉత్తరం, హంసవేణి గారి ఇంటి స్థలం" అని ఎంతో భావంతో చదివి ముందుకెళ్ళిపోయాను కూడా.

ఉత్తరాన ఉన్నది పిన్ని వియ్యపురాలి స్థలం. ఆవిడ అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. సాక్షి సంతకం పెట్టడానికొచ్చిన ఆవిడ భర్త పక్కనే ఉన్నాడు. ఆవిడ నా వైపు చూడలేదు. మెల్లిగా మొగుడి వైపు తిరిగింది.

"ఎవరయ్యా ఈ హంసవేణి? నాకు తెలీకుండా మన స్థలం ఎవత్తికి రాసిచ్చావు?"

పాపం ఆయనకి చెమటలు పట్టాయి. హంసలదీవిలో తనకి తెలిసిన ఆడవాళ్ళెవరూ లేరని, అడక్కుండానే ఊరి పేరు తనే బయటపెట్టాడు. దాంతో ఆవిడ అనుమానం రూఢి అయిపోయింది. అమ్మే ఆయన లేచి నిలబడి, ఈ హంసవేణి తగువేదో తేల్చుకుని కబురు చెయ్యండని చేతిసంచీ భుజానికి తగిలించుకున్నాడు. పిన్ని బల్ల అంచు గట్టిగా పట్టుకుని మావయ్య గారి మొహంలోకి చూస్తూ నిలబడింది. కొత్త స్టాంపు కాగితాలు తెచ్చి మొదటి నుంచీ రాయాలంటే సాయంత్రమవుతుంది. అప్పటిదాకా ఆయన ఉండడు.

తప్పు నాదని చెప్పేయాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, హీరో నిండు సభలో నిజం ఒప్పుకునే సీను కూడా గుర్తొచ్చింది. ఊపిరి బాగా లోపలికి తీసుకుని, ఒక అడుగు ముందుకేశాను.

"అబ్బాయ్, నాలుగు టీలు పట్రా. ఇక్కడ కాదు, బస్టాండు కొట్లో" అన్నారు మావయ్య గారు.

టీలు పట్టుకుని తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మే ఆయన, ఎదురుగా రిజిస్ట్రాఫీసులో పని కానిచ్చి బస్సు అందుకోవాలని తొందరపడుతున్నాడు. వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఆవిడ మొగుడికి రంగు తిరిగొచ్చింది. పిన్ని మాత్రం సిరా అంటిన బొటనవేలు తుడుచుకోకుండా, పసిపిల్లని పట్టుకున్నట్టు ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. ఏం జరిగిందని అడిగితే, టీ చల్లారిపోతోందన్నారు మావయ్య గారు. ఆయన మాటకారి కాబట్టి పాత కాగితాల మీదో, కాలం మీదో నెట్టేసి సర్దేసి ఉంటారని సరిపెట్టుకున్నాను. రెండు రోజులకి, నా అమాయకపు మొహం చూసి అందరూ మర్చిపోయి ఉంటారని కూడా నిశ్చయించుకున్నాను. తిట్లు తప్పక పడతాయని ఎదురుచూసిన ఆదివారం రానే వచ్చింది. బస్సులో నేనే ఉండబట్టలేక "మావయ్య గారూ, ఆ హంసవేణి సంగతండీ..." అని మొదలుపెట్టాను.

"ఆవిడ ఇంటర్వెల్ తర్వాత కూడా ఉంటుందిగా, ఆవిడకేం. మిగతావాళ్ళ సంగతి చెప్పు" అన్నారు కిటికీలోంచి చూస్తూ.

మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తనివ్వలేదు. రెండేళ్ళకి బందరులో నాకో బల్ల వేయించి కూర్చోబెట్టింది కూడా ఆయనే. అప్పట్నుంచీ ఇప్పటిదాకా హద్దులు మూడుసార్లు చదవందే నేను కాగితం కిందపెట్టలేదు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది.

మొన్నీమధ్య, బల్ల మీద కంప్యూటరు, పక్కన ప్రింటరు పెట్టుకుని నేను పెద్దమనిషిలా కూర్చునుంటే, ఒక ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నర్సింగు చదువుతున్న ఆ పిల్ల పేర తన ఇంటి స్థలం రాయించాలట. ప్లాస్టిక్ కవర్లోంచి పాత దస్తావేజు తీసి నా ముందు పెట్టింది. నా చేతిరాత నేనే గుర్తుపట్టాను, ఆ తర్వాత పిన్నిని గుర్తుపట్టాను.

"హంసవేణి గారి శిష్యుడివే కదూ బాబూ?"

ఎవరి శిష్యుణ్ణని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, మీ గురువుగారేనయ్యా అంది. నేను టీకి అటు వెళ్ళగానే మావయ్య గారు లేచి, వియ్యపురాలికి చేతులు జోడించి, తప్పు తనదేనని, ఈ వయసులో సినిమా పిచ్చి పట్టి, గుడివాడలో చూసిన బొమ్మలో హీరోయిన్ పేరు పైకి చెప్పి అబ్బాయి చేత రాయించేశానని ఒప్పుకున్నారట. దాంతో వసారా అంతా ఒకటే నవ్వట. ఆ తర్వాత ఆయన ఎప్పుడు వాళ్ళ పల్లెకి వెళ్ళినా పిల్లలు హంసవేణి గారొచ్చారని వెంటపడేవాళ్ళట. వియ్యపురాలు తన ఆఖరి కొడుకు పెళ్ళికి ఇచ్చిన శుభలేఖ మీద కూడా అదే పేరు రాయించిందట. ఆయన కాదనలేదు, పిల్లలకి జీళ్ళు కొనుక్కుని మరీ వెళ్ళేవారట.

దస్తావేజు చివరి పేజీ తిప్పాను. 'కొట్టివేతలు లేవు' అని ఉండాల్సిన చోట, కొత్త పాళీతో, ఆయన చేతిరాతలో ఉంది: 'ఉత్తరం హద్దులో కొట్టివేత ఒకటి. చెప్పి రాయించిన నాదే పొరపాటు.' కింద సంతకం. ఆయన జన్మలో ఆ ఒక్కటే కొట్టివేత అని నాకు తెలుసు. దాన్ని నేను ఇంతకాలం నా మొహంలోని అమాయకత్వం ఖాతాలో వేసుకుని తిరిగాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆ తుడుచుకున్నది కళ్ళజోడు ఒక్కటే కాదు.

"పిన్నీ, ఆ హంసవేణి ఆయనది కాదు. నాది" అన్నాను. ముప్పై ఏళ్ళ కిందట తీసుకున్న ఊపిరి అప్పటికి వదిలినట్టయింది.

"తెలుసులే బాబూ. నాలుగు టీలు తెమ్మంటే తొమ్మిది తెచ్చావు. అప్పుడే తెలిసిపోయింది అందరికీ. ఆయన అంత ముచ్చటపడి నాది నాది అంటుంటే కాదనడమెందుకని ఊరుకున్నాం."

అంటే వసారాలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. మనవరాలు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. నేను కొత్త దస్తావేజు టైపు చేశాను. కంప్యూటర్లో తప్పు చేస్తే కొట్టివేత కనపడదు, ఏమీ జరగనట్టే చెరిగిపోతుంది. ఆ సుఖం ఆ పూట ఎందుకో నాకు నచ్చలేదు. ప్రింటు తీసి, మావయ్య గారి నియమం ప్రకారం నిలబడి పైకి చదివాను, రెండు చేతులూ కాగితం మీదే పెట్టి. ఉత్తరం దగ్గర ఆగి, ఆ పేరు మరోసారి సరిచూసుకున్నాను. చదువు బాబూ, ఈసారి ఎవరి పేరుందో విందాం అంది పిన్ని. వియ్యపురాలి పేరే ఉంది.

టీ తాగి వెళ్ళమని వాళ్ళని కూర్చోబెట్టి, ఇంకెవరినీ పంపకుండా నేనే వెళ్ళాను. పిన్ని, మనవరాలు, నేను, మూడు టీలు. దారంతా మూడు, మూడు అనుకుంటూనే వెళ్ళాను. తిరిగొచ్చి బల్ల మీద పెట్టి చూసుకుంటే నాలుగున్నాయి.

పిన్ని ఆ నాలుగో గ్లాసుని కాసేపు చూసి, "అది హంసవేణి గారికా?" అంది.

అవునన్నాను.