తరుగు తీసిన రోడ్డు

2021 ఫిబ్రవరి 28, ఆదివారం. ఉదయం ఆరు గంటల రెండు నిమిషాలు. బయలుదేరే ముందు గదిలోని ఉష్ణమాపకం పంతొమ్మిది డిగ్రీలు చూపింది. గాలి లేదు. పాండేసర అనే ఈ గుజరాతీ మిల్లుల పేటలో ఆదివారాలు కూడా కొన్ని బాయిలర్లు ఆరవు కనుక, చిమ్నీల పొగ నిటారుగా లేచి, మంచుతో కలిసి మళ్ళీ రోడ్డు మీదికే దిగుతోంది. రాత్రి కర్ఫ్యూ ముగిసి రెండు నిమిషాలైంది. అరవై ఏడేళ్ళ వయసులో, ముఖానికి మాస్కు, కాళ్ళకు కొత్త బూట్లు, జేబులో నలభై ఒక్క బట్ట పేలికలతో, మూతపడిన ఒక మిల్లు గేటు ముందు నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. నలభై రెండు వేల నూట తొంభై అయిదు మీటర్లు పూర్తి చేయాలి. గడువు ఎనిమిది గంటలు.

మొదలుపెట్టమని చెప్పేవారు లేరు. గడియారం చూసుకుని నేనే మొదలుపెట్టాను.

ఈ పరుగు దేనికోసమో ముందు చెప్పాలి. నా భార్యకు 2020 మార్చి 2న రేడియేషన్ ప్రారంభమైంది. దాన్ని మావాళ్ళు కరెంటు పెట్టించడం అంటారు. వారానికి అయిదు రోజుల చొప్పున ముప్పై మూడు సార్లు పెట్టాలని డాక్టర్లు నిర్ణయించారు. మార్చి 20 నాటికి, హోలీ సెలవు పోను, పధ్నాలుగు పూర్తయ్యాయి. ఆ తరువాత ఊరంతా మూతపడింది. ఆసుపత్రి మా గదికి తొమ్మిది కిలోమీటర్లు. ఆటో లేదు, బస్సు లేదు. అనుమతి కాగితం చేతికి వచ్చి, ఒక కూరగాయల టెంపో అతను మమ్మల్ని బస్తాల మధ్య కూర్చోబెట్టుకోవడానికి ఒప్పుకునేసరికి ఏప్రిల్ 7 అయింది. మధ్యలో పదకొండు రోజుల కరెంటు తప్పింది.

ఆ పదకొండు రోజుల వల్ల ఎంత నష్టం జరిగిందని డాక్టరును అడిగాను. చెప్పడానికి వీలుకాదన్నారు. లెక్కకు అందనిదాన్ని నేనూ చెప్పను. మే 11న ఆయన ఆరు నెలలు అన్నారు. ఆమె నాలుగు నెలల తొమ్మిది రోజులు బతికింది. మాకు పిల్లలు లేరు.

ఆ చలికాలంలో ఒక చిన్న ధర్మసంస్థ సంగతి తెలిసింది. పాండేసర, దాని దగ్గరి సచిన్ ప్రాంతాల కేన్సర్ రోగులను ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చి, మళ్ళీ ఇంటి దగ్గర దించడానికి వాళ్ళొక బండి సంపాదించారు. బండి ఉంది, డీజిల్‌కు డబ్బు లేదు. దానికోసం ఏటా నది ఒడ్డున మారథాన్ పరుగు పెట్టేవారట. ఆ ఏడాది గుంపులు కూడదు కనుక ఎవరి చోట వారు పరిగెత్తి, ఎవరి దాతలను వారే వెతుక్కోవాలన్నారు. ఫోనులో మాట్లాడిన గుజరాతీ ఆవిడను నియమాలేమిటని అడిగాను.

"ఎక్కడ పరిగెత్తినా సరే, కాకా. ఎనిమిది గంటల్లో పూర్తి చేయాలి, ఒంటరిగా పరిగెత్తాలి. అంతే."

ఒంటరిగా అన్న నియమం పాటించడం నాకు కష్టం కాదు.

నాకు తెలిసిన ధనవంతుడు ఒక్కడే. ఒక బట్టల వ్యాపారి. మిల్లులో అందరూ ఆయన్ను సేఠ్ అనేవారు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక రంగుల మిల్లులో కొలతల విభాగం చూశాను. మగ్గం నుంచి దిగిన తెల్లబట్టను మా పనిలో గ్రే అంటారు. అది వేడి రంగునీళ్ళలో మునిగి, యంత్రాలలో ఆరి బయటికి వచ్చేసరికి పొడవు తగ్గుతుంది. అప్పుడు దాన్ని ఫినిష్ అంటారు. మా మిల్లు లెక్కలో ఈ తరుగు నూటికి ఆరు. సేఠ్ నూరు మీటర్లు పంపితే నేను తొంభై నాలుగు తిప్పి పంపేవాణ్ణి. ఆయన ప్రతి వారం వచ్చి, తన బట్ట నేను తిన్నానని పోట్లాడేవారు. ఫోను చేసి విషయం చెప్పాను. ఆయన హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడతారు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మాస్టర్, ముప్పై ఏళ్ళు నా బట్ట కొలిచి తగ్గించావు. ఇప్పుడు నేను నిన్ను కొలుస్తాను. మొత్తం దూరం పూర్తి చెయ్యి, బండికి ఏడాది డీజిల్ నాది. ఒక్క మీటరు తగ్గిందో, డీజిల్ కాదు కదా, నీళ్ళు కూడా పోయను."

ఆయన నవ్వుతూనే అన్నారు. కాని ఆయన మీటర్ల విషయంలో హాస్యమాడగా నేనెన్నడూ చూడలేదు.

దూరాన్ని ఫోను కొలుస్తుందని అందరూ చెప్పారు. రెండు రోజులు పరీక్షించాను. రెండో రోజు అది నేను మురికికాలువ మధ్యలో నడిచినట్టు చూపింది. అందుచేత డిసెంబరు 13న రోడ్డును నేనే కొలిచాను. మిల్లు నుంచి తెచ్చుకున్న ఇరవై మీటర్ల నూలు తాడు నా దగ్గర ఉంది. నా భార్య దాని మీద పదేళ్ళు బట్టలు ఆరేసింది. తాడు రెండో కొస పట్టుకోవడానికి పక్కగది అతన్ని పిలిచాను. అతనిది మా జిల్లాయే. ఇక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. లాక్‌డౌన్‌లో ఊరికి వెళ్ళి సెప్టెంబరులో తిరిగి వచ్చాడు.

"ఏంది కాకా, రోడ్డును తాన్లు జేసి అమ్ముతవా? మీటర్‌కెంత?" అన్నాడు.

"సక్కగ పట్టు బిడ్డా, తాడు వంగుతున్నది."

మేము తాడు పట్టుకుని మూతపడిన ఆ మిల్లు ప్రహరీ చుట్టూ తిరుగుతుంటే, మూలమీది చాయ్ బండి అతను పరుగున వచ్చాడు. తాడుతో రోడ్డు కొలిచేవారు మున్సిపాలిటీ వాళ్ళే అయి ఉంటారని అతని భయం. బండి తీసేస్తారా అని అడిగాడు. నేను కాదని చెప్పేలోపలే పక్కగది అతను గంభీరంగా, చూడాలి అన్న అర్థంలో, "దేఖేంగే" అని హిందీలో అనేశాడు. రెండు చాయ్‌లు వచ్చాయి. డబ్బు తీసుకోమంటే తీసుకోలేదు. నిజం చెప్పి డబ్బు ఇవ్వడానికి నాకు పావుగంట పట్టింది.

మిల్లు చుట్టూ యాభై అయిదు తాళ్ళు వచ్చాయి. లెక్క వేసి, చుట్టుకు 1,034 మీటర్లని నిర్ణయించుకున్నాను. నలభై ఒక్క చుట్లు తిరిగితే దూరం పూర్తవుతుంది.

ఆ తరువాత పదకొండు వారాలు, వారానికి నాలుగు రోజులు, కర్ఫ్యూ ముగియగానే బయటికి వచ్చేవాణ్ణి. ఆ వేళ మొదటి షిఫ్టు కార్మికులు సైకిళ్ళ మీద వస్తుంటారు. ముఖాలు కనిపించవు, మాస్కుల పైన కళ్ళే కనిపిస్తాయి. నేను రొప్పుతూ ఎదురైతే వాళ్ళు సైకిలును రోడ్డుకు అవతలి పక్కకు తిప్పేవారు. ఆ రోజుల్లో రొప్పే మనిషి దగ్గరికి ఎవరు వస్తారు? వాళ్ళది తప్పని నేను అనను. ఒకరోజు దగ్గు వచ్చి గోడ పట్టుకుని నిలబడితే, చాయ్ బండి దగ్గర ఉన్న నలుగురూ చాయ్ వదిలి వెళ్ళిపోయారు. ఈ గదికి వచ్చినప్పటి నుంచి, ఇరవై తొమ్మిదేళ్ళుగా, నేను నడుస్తున్న రోడ్డు అది.

తిరిగి వచ్చి తాళం తీస్తే గది నేను వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండేది. అది నాకు అలవాటు కాలేదు. ఇదివరకు నేను పాల కోసం పది నిమిషాలు బయటికి వెళ్ళివచ్చినా గదిలో ఏదో ఒక వస్తువు చోటు మారి ఉండేది. నేను వచ్చి సమయం చెప్పేవాణ్ణి, ఆమె "లెక్కవెట్టుడు బంద్ జేసి జర కూసో" అనేది. ఇప్పుడు సమయం చెప్పడానికి ఎవరూ లేరు. కూర్చోమనేవారూ లేరు కనుక, చాలా రోజులు నిలబడే నీళ్ళు తాగి, నిలబడే స్నానానికి వెళ్ళిపోయేవాణ్ణి.

పరుగు రోజుకు వస్తాను. ప్రతి చుట్టుకూ ఒక పేలిక మిల్లు గేటు ఊచకు కట్టాను. బట్టలో లోపం ఉన్నచోట అంచుకు పేలిక కట్టడం మా పని అలవాటు. లెక్క తప్పకుండా ఉండడానికి అంతకంటె మంచి పద్ధతి నాకు తెలియదు. పదిహేనో పేలిక వరకు మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పది గంటలకు మంచు పూర్తిగా విడిపోయి ఎండ గోడల మీది నుంచి దిగింది. ఇరవై నాలుగో చుట్టులో ఎడమ పాదం బొబ్బ పగిలింది. పదకొండున్నరకు పక్కగది అతను ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు.

"కాకా, నడుస్తున్నవా, ఉరుకుతున్నవా? దూరంకెళ్లి జూస్తె తెలుస్తలేదు."

"నాకు గూడ తెలుస్తలేదు బిడ్డా."

ముప్పై తరువాత చుట్టు చుట్టుకూ సమయం పెరిగింది. ముప్పై ఆరో పేలిక కట్టేటప్పుడు ముడి పడలేదు, అతను లేచివచ్చి కట్టాడు. ముప్పై తొమ్మిదో పేలిక కట్టేసరికి ఒంటిగంట యాభై తొమ్మిది. నా లెక్క ప్రకారం 40,326 మీటర్లు. ఇంకా 1,869 ఉంది. మిగిలిన సమయం మూడు నిమిషాలు. రెండు గంటల రెండు నిమిషాలకు గేటు ముందే కూర్చుండిపోయాను.

నా జేబులోంచి జారిపడిన రెండు పేలికలను అతను చూశాడు.

"ఎవలు జూసిండ్రు కాకా? ఈ రెండు గూడ కట్టెయ్, అయిపాయె. బండి నడుస్తది."

"నేను జూసిన గద."

"నువ్వు జూస్తె ఏమాయె? గా సేఠ్‌కు డబ్బులు ఎక్కువై ఏడుస్తున్నడు. కరెంటు వెట్టిచ్చుకునెటోళ్లు బండి లేక ఏడుస్తున్నరు. నీకు నీ లెక్కనే ముఖ్యమా?"

అతను నన్ను అంత గట్టిగా ఎన్నడూ అనలేదు. ఇద్దరు రోగుల పేర్లు అప్పటికే ఆ ధర్మసంస్థ ఆవిడ రాసుకుని ఉంచారు. అందులో ఒకామెకు ఆ వారమే కరెంటు మొదలు కావాలి. అది తెలిసి కూడా ఫోను తీసి సేఠ్‌కు కలిపాను.

"తక్కువైంది, సేఠ్."

"ఎంత?"

"పద్దెనిమిది వందల అరవై తొమ్మిది మీటర్లు."

"గ్రేలోనా, ఫినిష్‌లోనా?" అన్నారు ఆయన. ప్రతి వారం తగవులో అడిగే మాటే. దెప్పడానికే అడిగారు.

"ఫినిష్‌లో" అన్నాను. అన్న తరువాత, ఆ మాటనే పట్టుకుని లెక్క మళ్ళీ వేశాను.

యాభై అయిదు తాళ్ళు, తాడుకు ఇరవై మీటర్లు. చుట్టుకు పదకొండు వందలు కావాలి. నేను 1,034 అని ఎందుకు నిర్ణయించుకున్నాను? నూటికి ఆరు తరుగు తీశాను. ఎవరూ తీయమనలేదు. తీస్తున్నానని నాకే తెలియలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు కొలిచిన సంఖ్యను కొలిచినట్టుగా ఎన్నడూ ఉంచుకోని చెయ్యి, ఆ రోజు రోడ్డుకూ తరుగు తీసింది. రోడ్డు వేడినీళ్ళలో మునగలేదు కదా. పదకొండు వారాలు ప్రతి చుట్టులో అరవై ఆరు మీటర్లు లెక్కలోకి రాకుండా పరిగెత్తాను. పక్కన ఒక మనిషి ఉండి, ఆ సంఖ్య ఎలా వచ్చిందని ఒక్కసారి అడిగి ఉంటే బయటపడేది.

సేఠ్‌కు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"అక్కడే ఉండు. నీ నోటిమాట మీద ఒక్క మీటరు కూడా నేనెప్పుడూ ఒప్పుకోలేదు. వస్తున్నా."

మూడు గంటల ఇరవై నిమిషాలకు కారు వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, రెండు మాస్కులు, చేతిలో దుకాణంలోని ఇనుప మీటరు బద్ద. మాకు ఆరడుగుల దూరంలో నిలబడి, అది పదేళ్ళు తడిబట్టలు ఆరేసిన తాడని నా నోట విని, ముందు దాన్నే కొలవమన్నారు. పక్కగది అతను తాడును రోడ్డు మీద పరిచి, బద్దతో ఇరవై సార్లు కొలిచాడు. పంతొమ్మిది మీటర్ల తొంభై సెంటీమీటర్లు వచ్చింది. పది సెంటీమీటర్లు తక్కువ.

సేఠ్ ముఖం మాస్కు వెనక కూడా వెలిగింది. "చూశావా! వేడినీళ్ళు చూడని రోడ్డుకు తరుగు తీశావు, పదేళ్ళు నీళ్ళలో నానిన నూలు తాడుకు తీయలేదు. నా బట్ట కొలిచింది నువ్వేనా?"

ఆయన అన్నది నిజం.

చుట్టు మళ్ళీ కొలిచారు. నేను లేవలేకపోతే సేఠ్ స్వయంగా తాడు రెండో కొస పట్టుకున్నారు. యాభై అయిదు తాళ్ళే వచ్చాయి. గుణకారం ఆయన ఫోనులో మూడుసార్లు చేశారు, నేను నోటితో ఒకసారి చేశాను. చుట్టుకు వెయ్యి తొంభై నాలుగున్నర మీటర్లు. ముప్పై తొమ్మిది చుట్లకు నలభై రెండు వేల ఆరు వందల ఎనభై అయిదున్నర.

"నాలుగు వందల తొంభై మీటర్ల చిల్లర ఎక్కువ" అన్నారు సేఠ్. "ఈ ఎక్కువకు నేను డబ్బివ్వను."

"ఇయ్యకు సేఠ్, డీజిల్‌కు ఇయ్యి" అన్నాడు పక్కగది అతను.

ఆయన కారులో కూర్చుని అప్పుడే ధర్మసంస్థ ఆవిడకు ఫోను చేశారు. ఏడాది డీజిల్ అని రెండుసార్లు గట్టిగా చెప్పడం నాకు వినిపించింది.

అందరూ వెళ్ళాక గది తాళం తీశాను. ఆరు గంటలైంది. పక్కగది అతను రాత్రి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. పాదాలు ఉప్పునీళ్ళలో పెట్టుకుని, నలభై రెండు వేల ఆరు వందల ఎనభై అయిదున్నర అని పైకే చెప్పాను. మరొకసారి చెప్పి, దీపం వేయకుండా కూర్చున్నాను.

బండి 2021 మార్చి 8 నుంచి 2022 మార్చి 7 వరకు సేఠ్ డీజిల్‌తో నడిచింది. 2021 ఏప్రిల్‌లో కరోనా మళ్ళీ విజృంభించినప్పుడు కూడా ఆగలేదు. ఏడాది చివర ధర్మసంస్థ ఆవిడను అడిగి లెక్క తెలుసుకున్నాను. బండి ఎక్కిన రోగులు ఇరవై ఏడుగురు. వాళ్ళకు పెట్టిన కరెంటు ఆరు వందల పదకొండు సార్లు. బండి రాక తప్పినవి నాలుగు.